చిక్ వెబ్ రికార్డుల్లో ఎందుకు సగమే వినిపిస్తాడు?

1938 జనవరి 16, ఆదివారం రాత్రి. న్యూయార్క్‌లో జాజ్ చరిత్రకారులు ఇప్పటికీ తవ్వి చూసే కచేరీలు రెండు జరిగాయి. మొదటిది కార్నెగీ హాల్లో. ప్రధానంగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి పేరుపడిన ఆ వేదిక మీద బెన్నీ గుడ్‌మన్ బృందం స్వింగ్, అంటే పెద్ద బృందాలు నాట్యం కోసం వాయించే జాజ్, వాయించింది. డ్రమ్స్ మీద జీన్ క్రూపా. రెండోది ఊరికి ఉత్తరాన, నల్లవాళ్ల పేట హార్లెమ్‌లోని సావోయ్ బాల్‌రూమ్‌లో. అక్కడ డ్రమ్మర్ చిక్ వెబ్ బృందానికీ కౌంట్ బేసీ బృందానికీ పోటీ. బేసీ, ఆయన మనుషులు కొందరు కార్నెగీ హాల్లో అతిథులుగా వాయించి, అది కాగానే సావోయ్ చేరుకుని పోటీకి కూర్చున్నారు.

కార్నెగీ కచేరీని వేదిక మీద వేలాడదీసిన మైకుతో రికార్డు చేశారు. ఆ డిస్కులు పన్నెండేళ్లు ఎక్కడో పడి ఉండి, 1950లో కొలంబియా కంపెనీ ఎల్‌పీగా (ఎక్కువసేపు మోగే ప్లేటుగా) బయటికొచ్చి విపరీతంగా అమ్ముడుపోయాయి. సావోయ్‌లో జరిగిన దానికి మాత్రం చూసినవాళ్ల మాటలూ, పత్రికల రాతలే మిగిలాయి. ఎవరు గెలిచారన్న విషయంలో కూడా ఆ రాతలు ఒకదానితో ఒకటి పొసగవు.

ఇంకో సంగతి. ఆ రాత్రి గుడ్‌మన్ కార్నెగీ కచేరీని మొదలుపెట్టిన పాట ‘డోంట్ బీ దట్ వే’. అది ఎడ్గర్ శాంప్సన్ రాసింది. శాంప్సన్ చిక్ వెబ్ బృందంలో శాక్సఫోన్ వాయిస్తూ, ఆ బృందం కోసం పాటలు కట్టినవాడు. గుడ్‌మన్ కన్నా మూడేళ్ల ముందే, 1934లోనే, వెబ్ బృందం ఆ పాటను రికార్డు చేసింది. అంటే వెబ్ పాట కార్నెగీ హాల్లో పదిలంగా రికార్డయింది, వెబ్ మాత్రం అదే రాత్రి రికార్డు కాకుండా పోయాడు.

స్వింగ్ యుగపు డ్రమ్మర్లను అడిగితే తమలో పెద్దవాడు వెబ్ అని చెప్పేవాళ్లు చాలామంది. క్రూపా అలాగే చెప్పాడు, బడ్డీ రిచ్ అలాగే చెప్పాడు. ఆ పొగడ్తలు చదివి, యూట్యూబ్‌లో వెబ్ రికార్డు పెట్టుకుని విన్నవాళ్లకు మాత్రం ఎదురయ్యేది ఇంకోటి. ముందు ఒక అమ్మాయి పాట, వెనక ట్రంపెట్లు, వాటి వెనక ఎక్కడో మూలగదిలోంచి వస్తున్నట్టు డ్రమ్స్. ఇంతేనా అనిపిస్తుంది. అలా అనిపించడం వినేవాళ్ల లోపం కాదు, ఆ పొగడ్తలు అబద్ధమూ కాదు. ఈ రెండిటి మధ్య దూరం ఎలా వచ్చిందో తెలియాలంటే వెబ్ జీవితం, ఆ రోజుల రికార్డింగు యంత్రం, రికార్డు కంపెనీల లెక్కలు, మూడూ కలిపి చూడాలి.

బాల్టిమోర్ నుంచి లెనాక్స్ అవెన్యూ దాకా

అసలు పేరు విలియం హెన్రీ వెబ్. పుట్టింది బాల్టిమోర్‌లో. పుట్టిన సంవత్సరం 1905 అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. 1909 అని అచ్చేసిన పాత పుస్తకాలూ ఉన్నాయి. అందుకే చనిపోయేనాటికి ఆయన వయసు ఒకచోట 30 అనీ, ఇంకోచోట 34 అనీ కనబడుతుంది. చిన్నప్పుడే వెన్నెముకకు క్షయ సోకింది. వీపు గూనుబారింది, ఎదుగుదల నాలుగడుగుల దగ్గర ఆగిపోయింది. డ్రమ్స్ వాయిస్తే బిగిసిన ఒళ్లు కాస్త సడలుతుందని డాక్టరు చెప్పాడని ఒక కథ ప్రచారంలో ఉంది. పేపర్లు అమ్మి ఆ డబ్బుతో డ్రమ్స్ కొనుక్కున్నాడన్నది మరో కథ.

విహార పడవల మీద వాయించే బృందంలో గిటారిస్టు జాన్ ట్రూహార్ట్‌తో పరిచయమైంది. 1920ల మధ్యలో ఇద్దరూ న్యూయార్క్ చేరారు. అప్పటికే అక్కడ నిలదొక్కుకున్న డ్యూక్ ఎల్లింగ్టన్ 1926లో ఒక క్లబ్బు పని వెబ్‌కు ఇప్పించాడు. ఇరవై దాటీ దాటని కుర్రాడు అలా బృంద నాయకుడయ్యాడు. తర్వాత ఎల్లింగ్టన్ బృందానికి ప్రాణంగా నిలిచిన శాక్సఫోనిస్టు జానీ హాడ్జెస్ కూడా కొన్నాళ్లు వెబ్ దగ్గరే వాయించాడు. మంచి వాయిద్యకారులు తన దగ్గరికొచ్చి, పేరు తెచ్చుకుని, ఎక్కువ జీతమిచ్చే బృందాలకు వెళ్లిపోవడం వెబ్‌కు జీవితాంతం తప్పలేదు.

డ్రమ్మరు బృందానికి నాయకుడు కావడం అప్పటికి మామూలు విషయం కాదు. పియానో వాయించేవాడో, ట్రంపెట్ ఊదేవాడో, చేతికర్ర ఊపేవాడో ముందు నిలబడేవాడు. డ్రమ్మరు వెనక మూల. వెబ్ తన డ్రమ్స్‌ను వేదిక మధ్యకు, ఎత్తైన పీఠం మీదికి తెచ్చుకున్నాడు. కాలితో మోగించే బాస్ డ్రమ్ 28 అంగుళాలది. దాని వెనక ఆయన కూర్చుంటే తలా చేతులూ తప్ప ఏమీ కనిపించేది కాదు. పెడల్స్ ఆయన కాళ్లకు సరిపడేలా ప్రత్యేకంగా చేయించినవి.

సావోయ్ బాల్‌రూమ్ 1926 మార్చిలో తెరిచారు. లెనాక్స్ అవెన్యూ మీద 140వ వీధి నుంచి 141వ వీధి దాకా పరుచుకున్న డాన్సు హాలు. న్యూయార్క్‌లో చాలా చోట్ల నల్లవాళ్లు వేదిక మీద వాయించవచ్చు గానీ ప్రేక్షకుల్లో కూర్చోవడానికి వీల్లేని రోజుల్లో, సావోయ్‌లో తెల్లా నల్లా ఒకే నేల మీద ఆడేవాళ్లు. పక్కపక్కనే రెండు వేదికలు. ఒక బృందం ఆపగానే రెండోది అందుకునేది, సంగీతానికి తెరపి ఉండేది కాదు. ఈ ఏర్పాటులోంచే బృందాల పోటీలు పుట్టాయి. 1930ల్లో వెబ్‌ది అక్కడ ఆస్థాన బృందం. వచ్చే బృందమేదైనా ఆయన్ను దాటుకుని పోవాల్సిందే.

దాటినవాళ్లూ ఉన్నారు. 1937 మార్చిలో ఎల్లింగ్టన్ వచ్చి గెలుచుకుని వెళ్లాడు. రెండు నెలల తర్వాత, మే 11న, గుడ్‌మన్ వచ్చాడు. అప్పటికి గుడ్‌మన్ దేశమంతా మోగిపోతున్న పేరు, పత్రికలు ఆయనకు ‘స్వింగ్ రాజు’ అని బిరుదు ఇచ్చేశాయి. హాలు లోపల నాలుగు వేల మంది, చోటు దొరక్క బయట ఇంకా ఎక్కువ మంది, పోలీసుల మోహరింపు. ఆ రాత్రి ఫలితం మీద పెద్దగా వాదన లేదు. వెబ్ గెలిచాడు. తనను అంత చక్కగా ఓడించిన మొనగాడు మరొకడు లేడని క్రూపా ఆ తర్వాత దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఈ పోటీ కూడా రికార్డు కాలేదు.

ఆయన చేసిందేమిటి?

స్వింగ్‌లో దెబ్బకు రెండు నోట్లు పడితే అవి సమానంగా ఉండవు. మన సంగీతం తెలిసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక: ‘తకిట’ అనుకుంటూ మధ్యలో ‘కి’ని మింగేసి ‘త…ట, త…ట’ అని నడిపితే ఆ నడక దాదాపు పట్టుబడుతుంది. దాదాపు అనడం ఎందుకంటే, వేగం పెరిగేకొద్దీ ఆ రెండు నోట్ల మధ్య తేడా తగ్గుతుంది, నెమ్మదించేకొద్దీ పెరుగుతుంది. ఎక్కడ ఎంత అన్నది వాయించేవాడి ఒంట్లో ఉండాలి. కింద బాస్ డ్రమ్ నాలుగు దెబ్బలూ సమంగా వేస్తూ పోతుంది. నాట్యం చేసేవాళ్ల అడుగులకు అదే ఆధారం. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద కాలితో మూసే హై-హ్యాట్ తాళాలు. వీటిపైన చేతుల పని.

ఈ చట్రంలో ఎవరి దారి వాళ్లది. బేసీ డ్రమ్మర్ జో జోన్స్ తాళం బరువును బాస్ డ్రమ్ నుంచి హై-హ్యాట్ మీదికి మార్చాడు. అతని కింద బృందం నేల మీద ఆనకుండా తేలిపోతున్నట్టు ఉంటుంది. క్రూపాది స్నేర్ అనే పదునైన చప్పుడు డ్రమ్ మీదా, టామ్ టామ్ అనే గంభీరంగా మోగే డ్రమ్ముల మీదా కండబలంతో వాయించే ప్రదర్శన. వెబ్ బలం మరోచోట ఉంది. ఆయనకు స్వరలిపి చదవడం రాదు. బృందం కొత్త పాట సాధన చేస్తున్నప్పుడు విని, ప్రతి వాయిద్యం ఎక్కడ ఏమి పలుకుతుందో మొత్తం గుర్తుపెట్టుకునేవాడు. కాబట్టి తాళం వేస్తూ పోవడం కాకుండా పాటనే వాయించేవాడు. ట్రంపెట్ల వరుస ఒక పలుకు పలకబోతుంటే అర దెబ్బ ముందు స్నేర్ మీద చిన్న తోపు, ఆ పలుకు ముగిసిన చోట చేత్తో పట్టి ఆపేసిన సింబల్ (కంచు పళ్లెం) దెబ్బ, మధ్య ఖాళీలో గొలుసుకట్టు రోల్. కృతిలో సంగతి సంగతికీ నొక్కు మార్చి వాయించే మృదంగ విద్వాంసుడిని విన్నవాళ్లకు ఇదేమిటో వెంటనే అర్థమవుతుంది. తని ఆవర్తనం ఎంత గొప్పగా వాయించినా, పాట కింద వాయించింది బాగా లేకపోతే ఆ విద్వాంసుడిని ఎవరూ పెద్దగా లెక్కచేయరు కదా. వెబ్‌ను ఆయన తోటివాళ్లు మెచ్చుకున్నది ప్రధానంగా ఈ ‘పాట కింద’ పనికి.

అది కచేరీ హాల్లో, పది అడుగుల దూరంలో నిలబడి వినాల్సిన పని. రికార్డింగు యంత్రం మొట్టమొదట పోగొట్టేది కూడా దాన్నే.

మైనం మీద డ్రమ్స్

1925కు ముందు రికార్డింగులో కరెంటు లేదు. వాయిద్యకారులు పెద్ద బాకా ముందు నిలబడి వాయిస్తే, ఆ గాలి ఒత్తిడే సూదిని కదిలించి మైనపు పళ్లెం మీద గాడి గీసేది. బాస్ డ్రమ్ దెబ్బ పడితే సూది గాడి తప్పే ప్రమాదం. అందుకని చాలా సెషన్లలో డ్రమ్మరును చెక్క దిమ్మెలకూ, అంచు దెబ్బలకూ పరిమితం చేసేవాళ్లు. తొలినాటి జాజ్ రికార్డుల్లో టకటకమని ఒక చెక్క శబ్దం వినిపిస్తుందే, అప్పటి డ్రమ్మర్లు అలాగే వాయించేవాళ్లని ఆ రికార్డులు విని రాసినవాళ్లు ఉన్నారు. అది వాళ్ల శైలి కాదు, స్టూడియో షరతు.

1925లో మైకు వచ్చింది. అయినా భయం వెంటనే పోలేదు. 1927 డిసెంబరులో షికాగోలో ఓకే అనే రికార్డు కంపెనీ సెషనుకు క్రూపా బాస్ డ్రమ్‌తో సహా మొత్తం సెట్టు తీసుకొస్తే, సూది ఎగిరిపోతుందని అక్కడివాళ్లు కంగారుపడ్డారు. చివరికి అతన్ని వాయించనిచ్చారు. డ్రమ్ సెట్టు పూర్తిగా వినిపించిన తొలి జాజ్ రికార్డుల్లో వాటిని లెక్కిస్తారు. అప్పటి విద్యుత్ రికార్డింగు అందుకోగలిగిన పరిధి సుమారు 100 నుంచి 5,000 హెర్ట్జ్. ఆ తర్వాత పదేళ్లలో అది పెరిగింది గానీ, ఇంట్లో జనం పెట్టుకు వినే గ్రామఫోన్లు అంతగా పెరగలేదు. డ్రమ్ సెట్టుకు ఈ హద్దు అన్ని వాయిద్యాల కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. ఎందుకంటే దాని శబ్దం రెండు కొసల్లో ఉంటుంది. 28 అంగుళాల బాస్ డ్రమ్ గుండెలో మోగే భాగం కింది హద్దుకు దిగువన పడిపోతుంది. సింబల్ మీద మెరుపు పై హద్దుకు ఎగువన ఎగిరిపోతుంది. మధ్యలో మిగిలేది స్నేర్ చప్పుడు. ఆ మధ్య పరిధిలోనే గాయని గొంతు, ట్రంపెట్లు, శాక్సఫోన్లు అన్నీ కిక్కిరిసి ఉంటాయి.

దీనికి తోడు ఒకటో రెండో మైకులు, వాటికి దూరంగా డ్రమ్స్. ఇప్పటిలాగా ఒక్కో డ్రమ్ముకు ఒక్కో మైకు పెట్టి తర్వాత తీరిగ్గా పాళ్లు కలుపుకోవడం లేదు. ఆ గదిలో ఆ క్షణాన ఏ పాళ్లలో మోగితే అదే మైనం మీద పడేది. తప్పు దొర్లితే మళ్లీ మొదటినుంచి వాయించాలి. పది అంగుళాల 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. సావోయ్‌లో నాట్యం ఊపందుకుంటే ఒకే పాటను పది నిమిషాలు సాగదీసి, ఒక్కో ఆవృత్తికీ ఒక్కో మెట్టు వేడి పెంచుకుంటూ పోయే బృందం, స్టూడియోలో గడియారం చూసుకుని ముగించాల్సి వచ్చేది.

మరి అదే యంత్రం మీద క్రూపా ఎలా వినిపించాడు? 1937 జూలైలో గుడ్‌మన్ బృందం ‘సింగ్, సింగ్, సింగ్’ పాటను 12 అంగుళాల ప్లేటు రెండు వైపులా పట్టేలా, ఎనిమిది నిమిషాలు దాటించి రికార్డు చేసింది. ఆ పాటలో క్రూపా టామ్ టామ్‌ల మోతే కథానాయకుడు. టామ్ టామ్ శబ్దం యంత్రం పట్టగలిగే మధ్య పరిధిలో ఉంటుంది, పైగా ఆ చోట్ల మిగతా బృందం నోరు మూసుకుంటుంది. విక్టర్ కంపెనీ ఖరీదైన ప్లేటు మీద, దేశంలో అత్యధికంగా అమ్ముడయ్యే తెల్ల బృందానికి అలాంటి విలాసం ఇచ్చింది. వెబ్‌కు అలాంటి అవకాశం ఒక్కసారి కూడా రాలేదు.

లేబుల్ మీద ఎవరి పేరు?

వెబ్ తొలి రికార్డులు 1929లో బ్రన్స్‌విక్ కంపెనీకి చేసినవి, ‘డాగ్ బాటమ్’, ‘జంగిల్ మామా’. లేబుల్ మీద ఆయన పేరు లేదు. ‘ద జంగిల్ బ్యాండ్’ అని ఉంటుంది. అదే కంపెనీ ఎల్లింగ్టన్ రికార్డులకు కూడా అదే మారుపేరు వాడింది. కొన్నవాళ్లకు ఏది ఎవరిదో తెలిసే దారి లేదు. 1931లో సొంత పేరుతో కొన్ని వచ్చాయి. వాటిలో బెన్నీ కార్టర్ స్వరరచన చేసిన ‘హీబీ జీబీస్’ ఇప్పటికీ చురుగ్గా ఉంటుంది. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం. అమెరికాలో 1927లో సుమారు పది కోట్ల రికార్డులు అమ్ముడైతే, 1932 నాటికి అది 60 లక్షలకు పడిపోయిందని అంచనా. వెబ్ బృందాన్ని పిలిచి రికార్డు చేసేవాళ్లు లేరు. 1932 డిసెంబరులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ విక్టర్ కంపెనీకి పాడి వాయించిన కొన్ని పాటల్లో వెనక ఉన్నది వెబ్ బృందమే. లేబుల్ మీద మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ ఆర్కెస్ట్రా అని ఉంది.

అసలు పని 1934లో మొదలైంది. ఆ ఏడాది మేలో కొలంబియాకు ‘స్టాంపిన్ ఎట్ ద సావోయ్’, ఏడాది చివర్లో డెక్కాకు ‘డోంట్ బీ దట్ వే’, ‘బ్లూ లూ’. మూడూ శాంప్సన్ పనితనమే. ఇవి తర్వాత స్వింగ్ బృందాలన్నిటికీ పాఠాలయ్యాయి. గుడ్‌మన్ 1936లో ‘స్టాంపిన్ ఎట్ ద సావోయ్’ను రికార్డు చేశాక జనం నోట నానింది ఆయన రూపమే. ఆ పాట హక్కుల్లో శాంప్సన్ పేరుతో పాటు వెబ్ పేరూ, గుడ్‌మన్ పేరూ చేరాయి. ‘డోంట్ బీ దట్ వే’లోనూ గుడ్‌మన్ పేరుంది. పాటను ప్రచారం చేసే నాయకుడు హక్కులో వాటా తీసుకోవడం ఆనాటి ఆచారం, వెబ్ కూడా దానికి అతీతుడేం కాదు. గుడ్‌మన్ వెబ్ పాటలు ‘దొంగిలించాడ’ని కొందరు తేలిగ్గా రాసేస్తారు, అది సరికాదు. ఆయన శాంప్సన్‌కు డబ్బిచ్చి స్వరరచనలు కొనుక్కున్నాడు. అయితే అవే స్వరాలు తెల్ల బృందం చేతిలో పడితే హోటళ్లూ, జాతీయ రేడియో కార్యక్రమాలూ, సినిమాలూ తెరుచుకునేవి. నల్ల బృందానికి వాటిలో చాలా తలుపులు మూసే ఉండేవి. అన్యాయం మనిషిలో కన్నా ఏర్పాటులో ఉంది.

డెక్కా అమెరికా శాఖను 1934లో జాక్ కాప్ నడపడం మొదలుపెట్టాడు. మిగతా కంపెనీలు 75 సెంట్లకు అమ్మే ప్లేటును ఈయన 35 సెంట్లకు దించాడు. కాప్ సూత్రం ఒకటే: కొనేవాడు వెంటనే కూనిరాగం తీయగలగాలి. ‘రాగం ఏదీ?’ అన్న హెచ్చరికను స్టూడియోలో బోర్డు పెట్టించిన మనిషి. అలాంటి చోట ఒక డ్రమ్మరు తన కళ కోసం ప్లేటులో ఒక వైపు అంతా అడిగితే ఏమి జవాబొస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇంతలో ఎల్లా ఫిట్జెరాల్డ్ వచ్చింది.

1934 నవంబరులో అపోలో థియేటర్ ఔత్సాహికుల పోటీలో గెలిచిన పదిహేడేళ్ల పిల్ల. ఇల్లూ వాకిలీ లేదు, ఒంటి మీద సరైన బట్టల్లేవు. ఆమెను చూసి వెబ్ మొదట వద్దన్నాడు. బృందంలోని వాళ్లు పట్టుబట్టి పాడించాక ఒప్పుకున్నాడు. 1935 జూన్‌లో ఆమె తొలి రికార్డు వచ్చింది. వెబ్ ఆమెను దత్తత తీసుకున్నాడని చాలాచోట్ల రాస్తారు. చట్టప్రకారం అలాంటిది జరిగినట్టు కాగితం లేదు. పెద్దదిక్కుగా నిలబడ్డాడన్నంత వరకు నిజం.

అక్కడినుంచి వెబ్ రికార్డుల్లో చాలా భాగం ఎల్లా పాటలే. 1938 వసంతంలో బృందం బోస్టన్‌లో వాయిస్తున్నప్పుడు, ఎల్లా ఒక పిల్లల పాటను తిరగరాసి, స్వరరచన చేయమని వాన్ అలెగ్జాండర్ వెంటపడింది. మేలో డెక్కా దాన్ని రికార్డు చేసింది. ‘ఎ-టిస్కెట్, ఎ-టాస్కెట్’. దేశమంతా మారుమోగింది, పది లక్షల ప్లేట్లు అమ్ముడైందని చెబుతారు. వెబ్ జీవితాంతం ఎదురుచూసిన విజయం అదే. అందులో వినవలసింది ఎల్లా గొంతులోని తుళ్లింత. డ్రమ్స్ వెనక పద్ధతిగా నడిచిపోతాయి. జాజ్ పండితులు చాలామంది ఈ పాటను చూసి మూతి ముడుస్తారు. నాకు ఆ చిన్నచూపు అర్థం కాదు. ఆ ఒక్క ప్లేటు వల్లే బృందానికి పెద్ద థియేటర్లు, మంచి హోటళ్లు దొరికాయి. పద్నాలుగు మంది వాయిద్యకారుల జీతాలు గడిచాయి. నిజంగా నీరసమైనవి ఆ కాలపు ప్రేమగీతాలు, మగ గాయకులు సాగదీసి పాడినవి. వాటిని దాటేయవచ్చు.

వినవలసినవి

ఒక్క రికార్డే వినే ఓపిక ఉంటే 1937 నవంబరులో చేసిన ‘హార్లెమ్ కాంగో’ వినండి. గాయని లేదు. మూడు నిమిషాల పైచిలుకు వేగంగా దూసుకుపోతుంది. చివరి భాగంలో వెబ్‌కు ఒంటరిగా కొన్ని ఆవర్తాలు దొరుకుతాయి: స్నేర్ మీద గట్టి రోల్స్, బాస్ డ్రమ్ మీద ఎదురు దెబ్బలు. అయితే దాన్ని రెండోసారి విన్నప్పుడు ఆ ఒంటరి ముక్కను వదిలేసి, మొదటి నిమిషంలో ట్రంపెట్ల వెనక ఏమి జరుగుతోందో చెవి పెట్టి వినండి. బృందం ఎక్కడ తిరగబోతోందో ముందు డ్రమ్స్ చెబుతాయి.

అదే ఏడాది మార్చిలో చేసిన ‘క్లాప్ హ్యాండ్స్! హియర్ కమ్స్ చార్లీ’ ఇదే కోవలోది. 1938 మేలో, ‘ఎ-టిస్కెట్’ రికార్డు చేసిన ఆ రోజుల్లోనే, డెక్కా ‘లైజా’, ‘స్పిన్నిన్ ద వెబ్’ కూడా చేసింది. ‘లైజా’లో బృందం ఆగిన ప్రతి సందులోనూ వెబ్ ఒక కొత్త మాట అంటాడు, ఒక్కటీ రెండోసారి అనడు. ఎల్లా కోసం ప్లేట్లు కొన్న జనంలో ఎందరు ఇటువైపు తిరిగి చూశారో గానీ, డ్రమ్స్ నేర్చుకునే కుర్రాళ్లు వీటిని అరగదీశారు.

పెద్దగా ఎవరూ పట్టించుకోనివి ‘లిటిల్ చిక్స్’ పేరుతో 1937లో చేసిన కొన్ని పాటలు. బృందంలోంచి ఐదుగురు మాత్రమే. క్లారినెట్ పక్కన వేమన్ కార్వర్ ఫ్లూటు. జాజ్‌లో ఫ్లూటును అంత గంభీరంగా వాడినవాళ్లు అప్పటికి దాదాపు లేరు. వాయిద్యాలు తక్కువ కాబట్టి మైకుకు ఊపిరాడింది. వెబ్ కుంచెల్లాంటి బ్రష్‌లతో ఎంత మెత్తగా నడపగలడో ఇక్కడ తెలుస్తుంది. 28 అంగుళాల డ్రమ్ము వెనక ఉరిమే మనిషి అన్న బొమ్మను ఇవి కాస్త సరిచేస్తాయి.

బృందంలో మిగతావాళ్ల సంగతి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. క్యూబా నుంచి వచ్చిన ట్రంపెటిస్టు మారియో బౌసా ఇక్కడ సంగీత దర్శకత్వం చూశాడు. తర్వాత ఆఫ్రో-క్యూబన్ జాజ్‌కు పునాది వేసినవాళ్లలో ఒకడయ్యాడు. లూయీ జోర్డాన్ ఇక్కడ శాక్సఫోన్ వాయించి, గొడవపడి బయటికెళ్లి, 1940ల్లో వెబ్ కలలో కూడా చూడనంత పెద్ద తార అయ్యాడు.

వెబ్ ఆరోగ్యం ఎన్నడూ బాగా లేదు. వెన్నెముక క్షయ ఆయన్ని వదల్లేదు, ‘ఎ-టిస్కెట్’ తెచ్చిన పర్యటనలు ఉన్న కాస్త సత్తువనూ లాగేశాయి. వాయించి దిగాక స్పృహ తప్పిన రాత్రులున్నాయి. 1939 వేసవిలో జబ్బు ముదిరితే బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేశారు. జూన్ 16న చనిపోయాడు. అంత్యక్రియలకు బాల్టిమోర్ వీధులు నిండిపోయాయి, ఎల్లా ‘మై బడ్డీ’ పాడింది. బృందాన్ని మూసేయలేదు. ఎల్లా పేరు పెట్టి, డ్రమ్స్ దగ్గర బిల్ బీసన్‌ను కూర్చోబెట్టి 1942 దాకా నడిపారు.

డ్రమ్మరు నాయకుడైతే బృందం అమ్ముడుపోతుందన్న నమ్మకం ఆయన వెనక మిగిలింది. కార్నెగీ కచేరీ అయిన రెండు నెలలకే క్రూపా గుడ్‌మన్‌ను వదిలి సొంత బృందం పెట్టుకున్నాడు. తర్వాత బడ్డీ రిచ్, ఆ తర్వాతి తరంలో ఆర్ట్ బ్లేకీ. వీళ్లంతా డ్రమ్స్ ముందు పెట్టుకుని బృందాలు నడిపినవాళ్లే. అప్పటికి మైకులు మెరుగయ్యాయి, ఎల్‌పీ వచ్చి మూడు నిమిషాల హద్దు పోయింది. వెబ్‌కు ఇంకో పదేళ్లు ఆయుష్షుంటే ఈ వ్యాసం అవసరమయ్యేది కాదేమో.

స్టూడియో బయట వెబ్ ఎలా ఉండేవాడో కొంతయినా తెలియజేసేవి రేడియో ప్రసారాలు. సావోయ్ నుంచి వారం వారం ప్రసారాలు జరిగినా చాలావాటిని ఎవరూ దాచలేదు. దాచగా దొరికిన వాటిలో ముఖ్యమైనది 1939 మే 4న బోస్టన్ సౌత్‌లాండ్ కెఫే నుంచి వెళ్లిన ప్రసారం. దశాబ్దాల తర్వాత అది రికార్డుగా వచ్చింది. ధ్వని గరగరలాడుతుంది, మధ్యలో ప్రకటనకర్త మాటలు అడ్డొస్తాయి. కానీ ఇక్కడ కాప్ లేడు, గడియారం పట్టుకున్న ఇంజనీరు లేడు. ఎదురుగా జనం ఉన్నారు, డ్రమ్స్ స్టూడియోలో కన్నా ముందుకొచ్చి మోగుతాయి. పాటకూ పాటకూ మధ్య సందులో కూడా వెబ్ ఊరుకోడు. ‘హార్లెమ్ కాంగో’ విన్న వెంటనే దీన్ని వింటే, డెక్కా ప్లేటు మీద ఎంత పడిందో, ఎంత కింద రాలిందో చెవికే లెక్క తెలుస్తుంది.